రెండు రకాల చేతులు

కోచ్ గారు పోయారు. నిజ్వాలో ఆట ముగించుకుని జట్టుతో తిరిగి వస్తుంటే, సమాయిల్ దాటాక బస్సులోనే గుండె ఆగిపోయిందట. ఆ సాయంత్రం నుంచి కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా జోడించిన చేతుల బొమ్మలూ, కన్నీటి బొమ్మలూ. ఒకడు లెజెండ్ అన్నాడు. ఇంకొకడు తండ్రిలాంటి వారన్నాడు. మూడోవాడు ఒమాన్ బేస్‌బాల్‌కి పితామహుడన్నాడు. ఒకమ్మాయి నాకు విడిగా రాసింది: "మేడమ్, ఆయనతో ఎక్కువకాలం ఉన్నది మీరే కదా, సంస్మరణ సంచికకి నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అని.

నాలుగు మంచి మాటలు ఉన్నాయి. తరవాత అడ్డం రాకుండా వాటిని ముందే చెప్పేస్తాను. ఆయన గ్రౌండుకి ఏనాడూ ఆలస్యంగా రాలేదు. తాగేవారు కాదు. ఆడపిల్లలతో మర్యాదగా ఉండేవారు. ఏమీ లేనిచోట ఒక జట్టుని పుట్టించారు. ఇవి నిజాలు, వీటిలో ఒక్క అక్షరం తగ్గించను. మిగతా మనిషి మాత్రం నాకిప్పటికీ అసహ్యమే.

మాది ఒమాన్‌లోని వాడి కబీర్‌లో రెండేళ్ళ డిప్లొమా కాలేజీ. ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి అయ్యాక పిల్లల్ని ఇండియాకి పంపలేని ఇళ్ళవాళ్ళు అక్కడ చేర్పించేవాళ్ళు. నేను లెక్కలూ స్టాటిస్టిక్సూ చెప్పేదాన్ని. ఆయన గుంటూరు నుంచి ఫిజికల్ డైరెక్టర్‌గా వచ్చారు. వచ్చిన మొదటి నెలలోనే స్టాఫ్ రూములో ప్రకటించారు, ఇకమీదట క్రికెట్ లేదు, బేస్‌బాల్ అని.

"ఎందుకండీ?" అన్నాను.

"క్రికెట్‌లో మనకంటే మంచి జట్లు ముప్ఫై ఉన్నాయి మేడమ్. బేస్‌బాల్‌లో మొత్తం ఉన్నదే అయిదు. ఫిలిపీన్స్ వాళ్ళ క్లబ్బు, కొరియా వాళ్ళ కంపెనీ జట్టు, మనతో కలిపి మూడు కాలేజీలు. ఎంత చెత్తగా ఆడినా అయిదో స్థానం గ్యారంటీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. అది హాస్యం కాదని తరవాత తెలిసింది.

స్కోరు రాయడానికి నన్ను అడిగారు. బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ ఒక గుర్తు పెట్టాలి. ఎవరు విసిరారు, ఏం జరిగింది, ఎవరు ఏ బేసులో ఉన్నారు. "మిగతావాళ్ళని కూచోబెడితే ఆటలో పడి రాయడం మర్చిపోతున్నారు మేడమ్. మీకు ఆట మీద ఇష్టం లేదు కాబట్టి మీరే కరెక్టు," అన్నారు. న్యాయంగానే ఉందనిపించి ఒప్పుకున్నాను. అప్పట్నుంచి నాలుగేళ్ళు ప్రతి శుక్రవారం గ్రౌండులో గొడుగు కింద పెన్సిలుతో కూచున్నాను.

ఆయన జట్టు అనేవారు కాదు. ప్రోగ్రామ్ అనేవారు. "మన ప్రోగ్రామ్‌కి ఒక షెడ్డు కావాలి." "ప్రోగ్రామ్ పరువు నీ చేతిలో ఉంది నాన్నా." ఒకసారి ప్రోగ్రామ్‌కి జ్వరం వచ్చిందన్నారు. ముగ్గురు కుర్రాళ్ళకి ఫ్లూ సోకిందని అర్థం.

బ్యాటింగు సాధన చెయ్యడానికి చుట్టూ వలకట్టిన బోను లాంటిది కావాలి. కాలేజీ ఇవ్వదు. ఆయన మత్రా వెళ్ళి, చేపల రేవులో జాలర్లు పారేసిన పాత వలలు పికప్పులో వేయించుకొచ్చారు. పొలుసులు, ఎండిన తలకాయలు, ఇంకా ఏవేవో వాటికి అంటుకునే ఉన్నాయి. కడిగించండి అన్నాను. "ఎండకి అవే పోతాయి మేడమ్, రెండ్రోజులు" అన్నారు. రెండు రోజులకి మత్రాలో ఉన్న పిల్లులన్నీ మా గ్రౌండులో చేరాయి. ఒక కుర్రాడు బ్యాటు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే వాంతి చేసుకున్నాడు. కోచ్ గారు అతని వీపు నిమిరి, దాని మీద చెప్పుకాలితో ఇసుక కప్పి, "నెక్స్ట్" అన్నారు. వాసన రెండు నెలలు ఉంది. కానీ మాట దాచకూడదు, ఆ బోనులో పిల్లలు నిజంగానే బంతిని కొట్టడం నేర్చుకున్నారు.

ఆయన జేబులో ఎప్పుడూ ఖర్జూరాలు ఉండేవి. కవరులో కాదు, ఊరికే జేబులో. తింటూ మాట్లాడేవారు, గింజ చెంపలో ఒకపక్కకి పెట్టుకుని ఈల కూడా ఊదేవారు. ఆ ఈలని పిల్లలెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ జిగురు చేత్తోనే ఆటగాళ్ళ గడ్డం పట్టుకుని "బంగారం, బంగారం" అనేవారు. ప్రిన్సిపాల్ ముందు ఇట్టే ఏడ్చేవారు. దొంగ ఏడుపు కాదు, అసలు కన్నీళ్ళే. నాకదే ఇంకా అసహ్యంగా ఉండేది.

ఇక శాలువా. ఆయన దగ్గర ఎర్రది, జరీ అంచుది ఒకటే శాలువా ఉండేది. మనవాళ్ళకి సన్మానం అంటే ప్రాణం కదా. గ్రౌండు చదును చేసిన బుల్డోజర్ కంపెనీ మేనేజరుకి సన్మానం. టోపీలు కుట్టినతనికి సన్మానం. శాలువా కప్పి, ఫోటో తీయించి, "సార్, ఒక్క నిమిషం" అంటూ భుజాల మీద నుంచి తీసుకుని మడతపెట్టి సంచిలో పెట్టుకునేవారు. ఇంకొక సన్మానానికి అదే. ఉతకగా నేను చూడలేదు, ఉతికితే జరీ పోతుందట. ఒకసారి ఒక ఒమానీ పళ్ళ డాక్టరు అది నిజంగానే తనకిచ్చారనుకుని వదల్లేదు. కోచ్ గారు నవ్వుతూ ఒక కొస పట్టుకుని లాగారు. డాక్టరూ నవ్వుతూ రెండో కొస పట్టుకున్నాడు. మొత్తానికి కోచ్ గారే గెలిచారు.

మూడో ఏడు మేము నిజ్వాకి ఆటకి వెళ్తూ సమాయిల్లో టీకి ఆగాం. పిల్లలు బస్సు పక్కన బంతి విసురుకుంటున్నారు. టీకొట్టు అరుగు మీద ఒక సైటు కూలీలు పదిమంది కూచుని ఉన్నారు. వాళ్ళలోంచి ఒకడు లేచి వచ్చి, అచ్చ తెలుగులో, "సారూ, ఒక్కపారి ఇస్తరా?" అన్నాడు.

పాతికేళ్ళలోపు మనిషి. పేరు గంగాధర్, ఊరు ఆర్మూరు దగ్గర. షట్టరింగ్ పని. స్లాబుకి అడుగున కొట్టే పలకలు మోసి, ఎత్తి, బిగించే పని. బంతి తీసుకుని వేళ్ళమధ్య తిప్పి చూసుకున్నాడు. కాలెత్తి కుడిచేత్తో విసిరాడు. మా క్యాచర్ గ్లవ్స్‌లో అది పడ్డ చప్పుడుకి కొట్టువాడు లోపల్నుంచి బయటికొచ్చి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ నాన్నా?" అన్నారు కోచ్ గారు. గొంతు మారిపోయింది.

"ఊర్లనే సారూ. మా దిక్కు ఇస్కూల్ల అందరు ఇదే ఆడుతరు. క్రికెట్ ఆడితె సర్టిఫికెట్ రాదన్నరు. ఇది ఆడితె స్టేట్ దాక పోవచ్చు, స్టేట్ ఆడితె పోలీసు నౌకరి అన్నరు."

"వచ్చిందా?" అని నేనడిగాను.

"సర్టిఫికెట్ అచ్చింది మేడం. నౌకరి రాలె. లామినేషన్ చేయించి ఇంట్ల వెట్టిన."

కోచ్ గారు అతని ముఖం చూడటం లేదు. చేతిని చూస్తున్నారు. మాంసం కొట్టు ముందు నిలబడి, వేలాడదీసిన తొడల్లో ఏది కావాలో చూసుకునేవాళ్ళు అలా చూస్తారు.

మరుసటి వారమే గంగాధర్ పేరు మా సాయంత్రపు సర్టిఫికెట్ కోర్సులో నమోదైంది. ఫోటో ఉన్న ఐడీ కార్డు మెడలో పడింది. క్లాసుకి ఒక్కనాడూ రాలేదు, రాగలిగే దూరమూ కాదు. లీగు నియమం ప్రకారం కాలేజీ జట్టులో ఆటగాడు పేరుకి విద్యార్థి అయితే చాలదు, క్లాసులకి హాజరు కావాలి. ఆ సంగతి ఎవరూ అడగలేదు. వాళ్ళ కంపెనీ ఫోర్‌మన్‌ని పిలిచి శాలువా కప్పారు, విప్పారు. శుక్రవారం శుక్రవారం కంపెనీ బస్సు లేబర్ క్యాంపువాళ్ళని రువి బజారులో సరుకులకి దింపుతుంది. గంగాధర్ అందులో వచ్చి మా గ్రౌండుకి నడిచొచ్చేవాడు.

అతను సాధువేం కాదు. గొప్పలు చెప్పుకునేవాడు, ఓడినవాళ్ళని వెక్కిరించేవాడు. ఒక కొరియా ఆటగాడు మూడు బంతులకీ బ్యాటు గాలిలోనే ఊపి, ఔటై వెనక్కి పోతుంటే, "దోమలు గొట్టుడు అయ్యిందా అన్నా" అని తెలుగులోనే అడిగాడు. మన పిల్లలు పగలబడి నవ్వారు. ప్రతి ఆట అయ్యాక నా గొడుగు కిందికి వచ్చి, ఎంతమందిని ఔట్ చేశాడో నాతో చెప్పించుకుని వినేవాడు.

"నీకు తెలుసుగా, మళ్ళీ నన్నెందుకు అడుగుతావ్?"

"మీ నోట్లకెల్లి ఇంటె మంచిగుంటది మేడం. సైట్ల నా పేరు ఎవనికి ఎర్కలేదు. ఏ హైద్రాబాదీ, ఇధర్ ఆ అంటరు. నేను హైద్రాబాదు ఒక్కపారే జూసిన, అదిగూడ ఇటు ఇమానం ఎక్కేతందుకు పోయినప్పుడు."

బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ విసిరేవాడి చేతికి ఒక హద్దు ఉంటుందని కోచ్ గారే నాకు నేర్పారు. ఒక రోజులో ఇన్ని బంతులు దాటితే మోచెయ్యి దెబ్బతింటుంది, తరవాత ఇన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పట్టిక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, ఆటగాళ్ళు కూచునే షెడ్డు గోడకి అంటించింది ఆయనే. బంతి విసిరే మా రెండో పిచ్చర్ నిఖిల్ విషయంలో తు.చ. తప్పకుండా పాటించేవారు. నిఖిల్ తండ్రి ఆయిల్ కంపెనీలో ఆడిటరు. ఎనభై అయిదు బంతులు కాగానే నేను చెయ్యి ఎత్తేదాన్ని. ఆయన వెంటనే నిఖిల్‌ని దించేసి, ఐస్ పెట్టించి, "రేపు నీకు ఇంటర్నల్స్ ఉన్నాయిగా, ఆ చేత్తో రాయాలి" అనేవారు.

గంగాధర్‌కి ఎనభై అయిదు దాటింది. చెయ్యి ఎత్తాను. ఆయన చూడలేదు. నూట పది దాటాక లేచి వెళ్ళాను.

"నూట పది అయ్యాయండీ."

"ఊపు మీదున్నాడు మేడమ్, ఇప్పుడు ఆపకూడదు."

"గోడ మీద మీరంటించిన కాగితం అలా చెప్పడం లేదు."

"అది మన పిల్లలకి. వీడు వారమంతా పలకలు మోసేవాడు. ఈ కూలి పనులు చేసేవాళ్ళ చేతులు వేరే రకం మేడమ్, రాటుదేలి ఉంటాయి."

"లోపల ఎముక కూడా వేరే రకమా?"

"మీతో కష్టం," అంటూ నవ్వి, గింజ అరచేతిలోకి ఉమ్మి, దాన్ని ఎక్కడ పడేయాలా అని చూసి, మళ్ళీ జేబులో వేసుకున్నారు.

గంగాధర్ విన్నాడు. "మీరు లెక్కవెట్టుండ్రి మేడం, నేను ఏస్తుంట. ఎవల డ్యూటీ ఆళ్ళది," అన్నాడు. నూట ముప్ఫై రెండు వేశాడు ఆరోజు. మర్నాడు పొద్దున సైటుకి వెళ్ళాడు.

అప్పుడే మొదలైంది ఆ ముద్దు. ఆట గెలవగానే కోచ్ గారు పరుగెత్తుకొచ్చి, గంగాధర్ కుడిచేతిని రెండు చేతులతో పైకెత్తి, ఖర్జూరం జిగురుతో ఉన్న పెదవులు అతని మోచేతికి ఆనించి చప్పుడయ్యేలా ముద్దు పెట్టేవారు. "ఇది ప్రోగ్రామ్ చెయ్యి" అని అరిచేవారు. పిల్లలు ఈలలు వేసేవాళ్ళు. గంగాధర్ సిగ్గుపడుతూ, చెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ, ఆనందంతో వెలిగిపోయేవాడు. నేను తల తిప్పుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం గంగాధర్ నా దగ్గర కూచుని చెయ్యి నొక్కుకుంటున్నాడు.

"నొప్పా?"

"చిటికెనేలు తిమ్మిరెక్కుతుంది. పండుకుంటె మోచెయ్యి గుంజుతుంది. ఏంగాదు, బామ్ రాస్తున్న."

కోచ్ గారికి చెప్పాను. ఫైనల్ ఇంక రెండు వారాలే మేడమ్ అన్నారు. విశ్రాంతి ఇవ్వండి అన్నాను. ఫైనల్ తరవాత ఎంత కావాలంటే అంత ఇద్దాం అన్నారు. అబద్ధం కాదు. ఫైనల్ తరవాత విశ్రాంతి దొరికింది.

ఫైనల్ ఫిలిపీన్స్ వాళ్ళ క్లబ్బుతో. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యం, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే కప్పు మాది. అప్పటికే నా గుర్తులు నూట నలభై దగ్గరికి వచ్చాయి. గంగాధర్ విసిరాడు. బంతి చేతిని వదలకముందే చెరుకుగడ మోకాలికేసి విరిచినట్టు చప్పుడైంది. గొడుగు కిందికి స్పష్టంగా వినిపించింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అరవలేదు. నోరు తెరుచుకుని ఉంది, శబ్దం రావడం లేదు.

కోచ్ గారు పరుగెత్తారు. నేనూ వెళ్ళాను. ఆయన వంగి, ఆ మోచేతికే ముద్దుపెట్టి, "ఇంకొక్కటి వెయ్యగలవా నాన్నా? ఒక్కటే" అన్నారు.

గంగాధర్ తల ఊపాడు. వేస్తానని. లేవబోయి పడిపోయాడు. నిఖిల్ వచ్చి మిగిలిన ఒక్కణ్ణీ ఔట్ చేశాడు. కప్పు వచ్చింది.

గ్రౌండు బయటే, కారులో, కోచ్ గారు గంగాధర్‌కి ఏం చెప్పాలో నేర్పించారు. "క్యాంపు రూములో బాత్రూములో జారిపడ్డానని చెప్పు బంగారం. ఆటలో అంటే కంపెనీ వాళ్ళు నిన్నే తప్పుబడతారు." అతను అలాగే చెప్పాడు. కంపెనీ క్లినిక్‌లో కట్టుకట్టి, నొప్పి బిళ్ళలిచ్చి, ఆపరేషన్ కావాలంటే సెలవు పెట్టి ఇండియాలో చేయించుకో అన్నారు. నెల లోపల డ్యూటీలో చేరకపోతే వీసా క్యాన్సిల్ అని ఫోర్‌మన్ చెప్పాడు.

ఆ వారంలోనే కాలేజీలో విజయోత్సవం. గంగాధర్ మెడలోంచి వేలాడదీసిన కట్టుతో వచ్చాడు. ఫోటోగ్రాఫర్ సిద్ధమయ్యాక కోచ్ గారు ఒకసారి అతన్ని ఎగాదిగా చూశారు. సంచిలోంచి శాలువా తీశారు. ఎప్పుడూ భుజాల మీద కప్పేదాన్ని ఈసారి పక్కకి జరిపి, మెడ నుంచి నడుము దాకా కుడివైపంతా మూసి, కట్టు ఎక్కడా కనపడకుండా కొస లోపలికి దోపారు. వెనక్కి జరిగి చూసుకున్నారు. "ఇప్పుడు బాగుంది" అన్నారు. ఆ ఫోటో ఇప్పటికీ కాలేజీ హాల్లో ఉంది. గంగాధర్ అందులో పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఫోటో అయ్యాక శాలువా లాగుతుంటే చెయ్యి కదిలి, ఆ నవ్వు ఉన్నచోటే ముఖం తెల్లబడింది.

నేనతన్ని రువిలో ఎముకల డాక్టరుకి చూపించాను. మోచేతి మొనలో ఎముక విరిగింది, తీగ వేసి కట్టాలి అన్నాడు డాక్టరు. చెయ్యకపోతే? "చెయ్యి పూర్తిగా చాపలేడు. ఆలస్యం చేసినకొద్దీ అంతే, ఎంత ఆలస్యమైతే అంత తక్కువ చాపగలుగుతాడు." షట్టరింగ్ మనిషి పలకని తలపైకి ఎత్తి పట్టుకోవాలి. చాపలేని చెయ్యి అతనికి లేనట్టే.

కాలేజీ విద్యార్థులకి ప్రమాద బీమా ఉంది. ఆటలో దెబ్బతగిలితే ఆపరేషన్‌కి అదే కడుతుంది. పాలసీ తెప్పించుకుని మొత్తం చదివాను. పేరు నమోదై ఉండాలి, కాలేజీ తరఫున ఆడుతూ గాయపడ్డాడని ఫిజికల్ డైరెక్టర్ సంతకం చెయ్యాలి. హాజరు సంగతి బీమాకి అక్కర్లేదు, లీగుకే కావాలి. ఒక్క సంతకం. అది అడగడానికి ఆయన గదికి వెళ్ళాను.

బల్ల మీద కప్పు ఉంది. దాని పక్కన బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నారు.

"పెట్టొచ్చు మేడమ్. కానీ ఆ కాగితం రిజిస్ట్రారు దగ్గరికి పోతుంది. ఎవరీ గంగాధర్, ఏ క్లాసు అని మొదలవుతుంది. లీగుకి తెలుస్తుంది. కప్పు లాగేసుకుంటారు."

"లాక్కోనివ్వండి."

"ఇరవైమంది పిల్లల కష్టం మేడమ్ ఇది. ఒక్క చెయ్యి కోసం..."

"ఆ చెయ్యి అతని అన్నం."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారాయి కూడా. మెడలో తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వాణ్ణి నా కొడుకనుకున్నాను మేడమ్. మీకేం తెలుసు, నేను నిద్రపోవడం లేదు" అన్నారు. ఈ మాటలంటూనే, టీలో మెత్తబడి విరిగి పడిన బిస్కెట్టు ముక్కని రెండు వేళ్ళతో వెతికి తీసి నోట్లో వేసుకున్నారు. నేను లేచి వచ్చేశాను.

పది రోజులు రోజూ వెళ్ళి అడిగాను. రోజూ ఏడ్చారు. సంతకం పెట్టలేదు.

పదకొండో రోజున లీగు నడిపే ఫిలిపీనో ఇంజనీరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. మా పిచ్చర్ ఒక్క క్లాసుకి కూడా రాలేదు, మేము గెలిచింది చెల్లదు అని. "మేడమ్, ఆర్ యూ షూర్?" అని రెండుసార్లు అడిగాడు. వాళ్ళ జట్టుకే కప్పు వస్తుంది, అయినా పాపం నమ్మలేకపోయాడు. వారం తిరక్కుండా కప్పు వెనక్కి పోయింది. కారిడార్‌లో పిల్లలు నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. నిఖిల్ ముఖం మీదే అడిగాడు, "మేము మీకేం ద్రోహం చేశాం మేడమ్?" అని. మా అమ్మాయి కూడా, "అమ్మా, రిటైరయ్యే ముందు నీకిదంతా అవసరమా" అంది.

కప్పు పోయిన మర్నాడు కోచ్ గారు మా ఫ్లాట్‌కి వచ్చారు. గొడవకి వచ్చారనుకున్నాను. చెప్పులు విప్పి, చేతులు కడుక్కోకుండా బల్ల దగ్గర కూచుని, "పెసరట్ల వాసనొస్తోందే" అన్నారు. మా అమ్మాయి పెట్టింది.

"మీ లెక్క ప్రకారం మీరు చేసింది రైటే మేడమ్," అన్నారు తింటూ. "నాకేం కోపం లేదు. ఆ కాగితం ఉందా?"

ఇచ్చాను. అల్లప్పచ్చడి వేళ్ళతోనే పెన్ను పట్టుకుని సంతకం పెట్టేశారు. కాగితం మీద నూనె మరక పడింది.

"ఈ పని అప్పుడే చెయ్యాల్సింది," అన్నాను.

"అప్పుడు కప్పు ఉంది కదండీ. ఇప్పుడు పోయేదేముంది?" ఆశ్చర్యంగా చూశారు నావైపు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "అమ్మాయ్, ఇంకొకటి వెయ్యి తల్లీ. అన్నట్టు మేడమ్, సోహార్ రోడ్డు పనిలో ఒక జగిత్యాల కుర్రాడు ఉన్నాడట. మీరు చూడాలి ఆ చెయ్యి."

ఆయన నామీద కోపం పెట్టుకుని ఉంటే ఇంత కంపరం ఉండేది కాదు. కోపం పెట్టుకోవడానికైనా లోపల ఏదో ఒకటి ఉండాలి. పెసరట్టు తిని, చెయ్యి కడుక్కుని, మా తువ్వాలుతో మూతి తుడుచుకుని వెళ్ళారు. ఆ తువ్వాలు పారేశాను. స్కోరు రాయడం ఆ రోజుతో మానేశాను. హాజరు చూపించనిదే ఎవర్నీ ఆడించకూడదని లీగువాళ్ళు పట్టుబట్టడంతో జగిత్యాల కుర్రాడి చెయ్యి మాత్రం దక్కింది.

గంగాధర్‌కి ఆపరేషన్ అయింది. విరిగిన మూడు వారాల మీద రెండు రోజులకి. ఆస్పత్రి కాగితాలు చూపిస్తే కంపెనీ గడువు పొడిగించింది, ఉద్యోగం నిలిచింది. ఆస్పత్రికి నేను పళ్ళు తీసుకెళ్తే, అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"కప్పు ఎందుకు తీయించిన్రు మేడం?"

"నీ ఆపరేషన్ కోసం."

"సంతకం సారు వెట్టిండు గదా."

"కప్పు ఉన్నన్నాళ్ళూ పెట్టలేదు."

"వెడుతుండె. సారు మంచోడు. మీకే సారంటె పడది." తరవాత, గోడతో చెప్తున్నట్టు, "నా బతుకుల గెల్చింది గదొక్కటే" అన్నాడు. నేను తెచ్చిన పళ్ళు పక్క మంచం అతనికి ఇచ్చేశాడు.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. మొన్న శుక్రవారం కాలేజీ హాల్లో సంస్మరణ సభ. వెళ్ళకపోతే ఏదో ఒకటి అనుకుంటారని కాదు, ఏమేం అంటారో వినాలని వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఆయన పదేళ్ళ సేవ అన్నారు. ఆరేళ్ళే. నాలుగు కప్పులన్నారు. ఒక్కటి, అదీ వెనక్కి పోయింది. నిఖిల్ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాడు. చేతిని ఎలా కాపాడుకోవాలో తనకి నేర్పింది కోచ్ గారేనన్నాడు. అది నిజమే, అందుకే వినలేకపోయాను.

చివర్న గంగాధర్ మైకు దగ్గరికి వెళ్ళాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. "సారు నాకు దేవుడు," అన్నాడు. "నా చెయ్యి ఇరిగితె సారే ఆపరేషన్ చేయించిండు. సారు లేకుంటె నేను ఇయ్యాల ఇంటికాడ కూసుంటుంటి." అంతటితో ఏడ్చేశాడు. హాలంతా చప్పట్లు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. నేను బయటికి వచ్చేశాను.

కాసేపటికి అతనూ వచ్చాడు. రోడ్డు పక్కన కంపెనీ బస్సు ఆగి ఉంది. నన్ను చూసి తప్పుకుని పోబోయాడు.

"ఆగు. చెయ్యి చూపించు," అన్నాను.

"మంచిగనే ఉంది మేడం."

"చాపు."

చాపాడు. క్లాసులో పిలిస్తే లేచి నిలబడినట్టు, ఇష్టం లేకపోయినా. నేను మోచెయ్యి కింద వేళ్ళు పెట్టి పట్టుకున్నాను.

"ఇంకా చాపు."

"గంతే మేడం. అంతకంటె రాదు."

ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద కోణాలు గీశాను. నిటారుకి పది డిగ్రీలు తక్కువ ఉంది. ఆలస్యమైనకొద్దీ తగ్గుతుందని డాక్టరు చెప్పింది ఇదే.

"పది డిగ్రీలు పోయింది," అన్నాను.

"పది డిగ్రీలు పోతె ఏమైతది మేడం? పని నడుస్తలేదా?" మొదటిసారి కొంచెం నవ్వాడు. "మీరు ఇంక లెక్కల్నే ఉన్నరు."

హాల్లోంచి మైకులో ఎవరో మా ప్రోగ్రామ్, మా ప్రోగ్రామ్ అంటున్నారు. బస్సు హారన్ కొట్టింది. అతను చెయ్యి లాక్కుని పరుగెత్తాడు. లోపల సీట్లు నిండిపోయి ఉన్నాయి. మెట్టెక్కి, కుడిచేతిని అలాగే పక్కన వదిలేసి, పైనున్న కడ్డీని ఎడమచేత్తో అందుకుని నిలబడ్డాడు.